కప్ప పెళ్లికొడుకు గొడుగు

మా ఊరి కాలవగట్టు మీద మున్సిపల్ పార్కులో ఒక కప్ప ఉంది. మనిషంత ఎత్తు సిమెంటు కప్ప. పంచె కట్టుకుని, నుదుట బాసికం పెట్టుకుని, కుడిచేత్తో గొడుగెత్తి పట్టుకుని నిలబడి ఉంటుంది. దాని వెనక ట్రంకుపెట్టె మోసే పీత, ఇల్లు నెత్తికెత్తుకున్న నత్త, కళ్లజోడు తుడుచుకుంటున్న కొంగ పంతులు. కొత్తగా చూసినవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత ఎవరు చేశారని అడుగుతారు. చేసినవారి గురించి చెప్పడం నాకెప్పుడూ ఇష్టమే. కానీ అది చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడున్న గొడుగు రెండోది. మొదటి గొడుగును పగలగొట్టించింది నేను.

ఆ పెళ్లివారంతా ఒక పాటలోంచి వచ్చారు. ఆ పాట మా టీచర్ గారిది. ఆవిడ మాకు రెండో తరగతి చెప్పేవారు. ఒక వానాకాలం బడి కప్పు కారుతుంటే అందర్నీ ఒక మూలకు చేర్చి, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టడానికి అప్పటికప్పుడు కట్టారు.

కప్ప పెళ్లికొడుకండీ, కాలవ దాటొచ్చాడండీ,
ఎండా లేదూ వానా లేదూ, గొడుగు పట్టుకొచ్చాడండీ!
పీత వెనక పెట్టె మోసె, నత్త ఇల్లే మోసుకొచ్చె,
కొంగ పంతులు కళ్లజోడు తుడుచుకుంటూ కూచున్నాడండీ!

ఇంకా చాలా ఉంది. ఏ ఏడు పిల్లలు ఆ ఏడు ఒక చుట్టాన్ని కలుపుతూ పోయారు. పాతికేళ్లలో అది మా ఊరి ఆనవాలైపోయింది. ఒకసారి సామర్లకోట స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే, పక్క బెంచీ మీద ఒకావిడ ఒళ్లో బిడ్డకు ఈ పాట పాడుతోంది. నేను "మాదీ ఆ ఊరేనండి" అనలేదు. "మీది ఏ వీధండీ?" అనే అడిగాను.

నేను మున్సిపల్ ఆఫీసులో ఇంజనీరింగ్ సెక్షన్ గుమాస్తాని. తొంభైల్లో పార్కు బాగుచేసే పని మంజూరైనప్పుడు, మధ్యలో ఏ విగ్రహం పెట్టాలన్నదాని మీద కౌన్సిల్లో పెద్ద గొడవైంది. ఒకవైపువాళ్లు ఒక నాయకుడన్నారు, రెండోవైపువాళ్లు ఇంకొక నాయకుడన్నారు. మూడు మీటింగులు ఇలాగే జరిగాక మా కమిషనర్ గారు విసుగెత్తి, "ఈ ఊళ్లో ఏ పార్టీకీ చెందనివాడు ఒక్కడైనా లేడా?" అన్నారు.

మా హెడ్ క్లర్కు గారు తలెత్తకుండానే, "కప్పొకడున్నాడండి," అన్నారు.

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లెవరికీ తర్వాత కాదనడానికి నోరు రాలేదు. అలా తీర్మానమైంది.

బొమ్మలు చేయడానికి కోనసీమ నుంచి ఒక మేస్త్రి గారిని పిలిపించారు. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. ఊరూరా కూడళ్లలో నిలబడే నాయకుల విగ్రహాలు, గుళ్ల మీది దేవతల బొమ్మలు చేసిన చేయి అది. పార్కులోకి అడుగు పెట్టగానే పని మొదలుపెట్టలేదు. మూడు రోజులు కాలవ రేవులో కూర్చుని కప్పల్ని చూశారు. నాలుగో రోజు బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, వెళ్లే పిల్లల్ని ఆపి, మోకాళ్ల ఎత్తు కొబ్బరీనెతో కొలుచుకున్నారు.

"ఇదేంటండీ, మేస్త్రి గారూ?" అన్నాను.

"నాయకుడి బొమ్మయితే జనం దూరం నుంచి దణ్ణం పెట్టి వెళ్లిపోతారండి. దీని మీదకి ఎక్కుతారు. ఎక్కడానికి నత్తకి మెట్టుండాలి కదండీ," అన్నారు.

గొడుగు దగ్గర ఆయన పడిన శ్రమ నేను కళ్లారా చూశాను. కప్ప మోచేతిలోంచి పిడికిలి దాకా నాలుగు ఇనప చువ్వలు కలిపి పైకి తీసి, వాటినుంచే గొడుగు ఊచలు విచ్చుకునేలా వంచారు. మీద సన్నటి ఇనపవల చుట్టి, తాపీతో కాదు, అరచేత్తో సిమెంటు పామారు. ఎంత పల్చగా పామారంటే, అంచు చూస్తే గుడ్డ గొడుగేనేమో అనిపించేది. పద్దెనిమిది రోజులు తడి గోనెపట్టాలు కప్పి, రోజుకి మూడుసార్లు ఆయనే నీళ్లు పోసుకున్నారు. వాన పడితే దాని అంచు చుట్టూ నీళ్లు తెరలా జారేవి. లోపల అయిదారుగురు పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ నిలబడేవారు. ప్రారంభం రోజున టీచర్ గారు కూడా ఆ గొడుగు కింద కాసేపు నిలబడి, "పెళ్లికొడుకు చాలా బావున్నాడు, మేస్త్రి గారూ. పెళ్లికూతురు ఏదీ?" అన్నారు.

"ఇంకా బేరం కుదర్లేదండి," అన్నారాయన.

అలా రెండేళ్లు గడిచాక మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే మా సెక్షన్‌కు మొదటి పని ముసుగులు. గోడల మీది రాతలు చెరపాలి, కూడళ్లలో నాయకుల విగ్రహాలకు గుడ్డ కప్పాలి. అవన్నీ దగ్గరుండి చేయించాను. తర్వాత గుర్తులు కేటాయించారు. పార్కున్న వార్డులోనే ఒక స్వతంత్ర అభ్యర్థికి గొడుగు వచ్చింది.

ఆ మర్నాడు ఎదుటి అభ్యర్థి తాలూకు మనిషొకడు టీ వేళకు మా సెక్షన్‌కు వచ్చి, నా బల్ల మీద చెయ్యి ఆనించి, "ఏంటండీ, గొడుగుగారికి మున్సిపాలిటీయే ప్రచారం చేసి పెడుతోందేంటి? సిమెంటుతో కట్టి మరీ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "పైకి రాస్తే బావుండదని మీకే చెబుతున్నానండి," అని కూడా అన్నాడు.

నా ప్రమోషన్ ఫైలు అప్పుడు జిల్లా ఆఫీసులో ఉంది. కమిషనర్ గారు మీటింగులకని రెండు రోజులు ఊళ్లో లేరు. ఫోను చేసి అడగొచ్చు. అడిగితే, ఇంత చిన్నదానికి కూడా నన్ను అడగాలా అనుకుంటారేమోనని అడగలేదు. ఇద్దరు పనివాళ్లను తీసుకెళ్లి గొడుగుకి గోనెపట్టాలు చుట్టించాను. చుట్టాక చూస్తే అది ఇంకా పెద్ద గొడుగులా ఉంది. దారిన పోయే రిక్షా ఆయన బండాపి, "గొడుక్కి జలుబు చేసిందాండీ?" అన్నాడు. సాయంత్రానికి ఊరంతా ఆ ముసుగు గొడుగు మాటే. అంతకుముందు పట్టించుకోనివాళ్లు కూడా పార్కు దాకా వచ్చి చూసి వెళ్లారు.

మర్నాడు పొద్దున్నే పనివాళ్లకు సుత్తులిప్పించి, గొడుగు తీసేయమన్నాను. ఎన్నికలయ్యాక మళ్లీ అతికించుకోవచ్చులే అని నాకు నేను చెప్పుకున్నాను. చేతిలో ఎముకలా కలిసిపోయిన చువ్వల్ని చూసినవాణ్ణి. మళ్లీ అతకదని నాకు తెలుసు. తెలిసే తీయించాను.

అది తేలిగ్గా రాలేదు. రెండు గంటలు కొట్టారు. చివరికి ముక్కలు ముక్కలుగా రాలి, చువ్వలు రంపంతో కోయాల్సి వచ్చింది. కప్ప పిడికిలి మాత్రం గాల్లో అలాగే ఉండిపోయింది. బడికి వెళ్తున్న పిల్లలు గేటు దగ్గర ఆగిపోయారు. వాళ్లలో ఒక పిల్ల, "మరి వానొస్తే?" అంది. నేను విననట్టు అటు తిరిగాను.

కమిషనర్ గారు తిరిగొచ్చి, "గొడుగేమైంది?" అని అడిగారు.

ఉత్తర్వు లేకుండా, ఎవడో అన్న మాటకు బెదిరి మున్సిపాలిటీ ఆస్తిని పగలగొట్టించానని చెప్పాలి. నేను, "చేతి దగ్గర బీట వచ్చిందండి. పిల్లల మీద పడుతుందేమోనని తీయించాను," అన్నాను.

"మంచి పని చేశారు. ఫైల్లో నోట్ పెట్టండి," అన్నారాయన.

పెట్టాను. పనితనంలో లోపం వల్ల గొడుగు చేతి దగ్గర బీటలువారి ప్రమాదకరంగా ఉన్నందున తొలగించడమైనదని, మంచి ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ సాయంత్రం పనివాళ్లలో ఒకాయన వరండాలో నన్నాపి, "రెండు గంటలు కొట్టామండీ, బీటంటారేంటండీ?" అన్నాడు. "నీకెందుకయ్యా?" అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు. అంతకంటే ఎక్కువ అనగల స్థితి అతనిది కాదు. అది కూడా నాకు తెలుసు.

ఎన్నికలు అయిపోయాయి. గొడుగు అభ్యర్థి ఓడిపోయాడు. కప్ప సంగతి నేనూ మరిచిపోయేవాణ్ణేమో. మూడు నెలలకు పక్క మున్సిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ల పార్కులో కూడా ఇలాంటి బొమ్మలు పెట్టాలనుకుంటున్నారట, ఈ మేస్త్రి గారి పని ఎలా ఉంటుందో తెలియజేయమని. ఆ ఉత్తరం నా బల్ల మీదికే వచ్చింది. ఫైలు తెరిచి, నా నోట్‌లోని వాక్యాన్నే జవాబులోకి ఎత్తి రాశాను. వేరేగా రాస్తే ఫైలుకీ జవాబుకీ పొంతన ఉండదు. సంతకానికి పంపాను. సంతకమై వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు నెలలకు టీచర్ గారు ఆఫీసుకు వచ్చారు. అప్పటికి రిటైరై చాలా కాలమైంది. నేను లేచి కుర్చీ వేశాను. ఆవిడ కూర్చోలేదు.

"ఏరా, ఆ గొడుగు విరిగిందా, విరగ్గొట్టారా?"

"విరిగిందండి, టీచర్ గారూ. బీట వచ్చింది."

ఆవిడ కాసేపు నన్నే చూశారు. రెండో తరగతిలో పలక వెనక్కి దాచుకున్నప్పుడు అలాగే చూసేవారు. "మేస్త్రి గారు మొన్నామధ్య మా ఇంటికొచ్చారు. ఆ పక్క ఊరివాళ్లు పని ఇవ్వం అన్నార్ట. నా చేతిలో బీటెలా వచ్చిందండీ, టీచర్ గారూ, అని అడుగుతున్నాడు. పార్కు వైపు వెళ్లడానికి మనసొప్పలేదట, అట్నించటే వెళ్లిపోయాడు. ఇంటి దగ్గర మళ్లీ అలాంటి గొడుగే చేసి, ఆరాక సుత్తితో కొట్టి చూస్తున్నాట్ట, ఎక్కడ పగులుతుందోనని. అది చేతి దగ్గర పగలకపోతే ఇంకోటి చేస్తున్నాట్ట. ఆయన భార్య భయపడి కబురు చేసింది."

నేను బల్ల మీది కాగితాలు సర్దుతున్నాను.

"బీటే అన్నావు కదా. సరేలే," అని ఆవిడ వెళ్లిపోయారు.

ఆవిడ కొట్టినా బావుండేది. నలభై ఏళ్లు తన చేతిని తను నమ్ముకున్న మనిషి, నేను రాసిన ఒక్క వాక్యం వల్ల ఆ చేతిని అనుమానిస్తున్నాడు. పని పోవడం ఒకెత్తు. తప్పు తనదేననుకుని దానికోసం వెతుక్కోవడం ఇంకొకెత్తు. ఆయన ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అది ఆయన దగ్గర లేదు, నా బీరువాలో ఉంది.

ఆదివారం ఆ నోట్ కాపీ జేబులో పెట్టుకుని నర్సాపురం రేవులో పంటు ఎక్కాను. గోదావరి దాటేంతసేపూ ఆయనతో ఏమనాలో అనుకుంటూనే ఉన్నాను. ముందు క్షేమ సమాచారాలు అడగాలనుకున్నాను, తర్వాత మెల్లగా ఎన్నికల ఒత్తిడి గురించి చెప్పాలనుకున్నాను. వాళ్ల కొబ్బరితోటలోని పాక ముందుకు వెళ్లేసరికి, నాలుగు విరిగిన గొడుగులు వరసగా పడి ఉన్నాయి. అయిదోదాని మీద తడి గోనెపట్టా ఉంది. అవి చూశాక నేననుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"బీట రాలేదండి, మేస్త్రి గారూ. నేనే కొట్టించాను," అన్నాను.

ఆయన చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టారు. నేను అంతా చెప్పాను, గుర్తు సంగతి, ప్రమోషన్ సంగతి, కమిషనర్ గారితో అన్న మాట, పక్క ఊరికి వెళ్లిన జవాబు. జేబులోంచి కాగితం తీశాను.

"చదవండి," అన్నారు.

"ఇంగ్లీషులో ఉందండి."

"తెలుగులోనే చెప్పండి. ఏం రాశారో అదే చెప్పండి, తగ్గించొద్దు."

ఆయన ఎదుట నిలబడి ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పాను. రాసేటప్పుడు అంత నున్నగా జారిపోయిన వాక్యం, నోటితో చెబుతుంటే మాటమాటకీ అడ్డం పడింది. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడి విన్నారు.

"ఎక్కడ బీటన్నారు?"

"చేతి దగ్గరండి."

"అక్కడ నాలుగు చువ్వలు వేశానండి. మీ ఎదురుగానే వేశాను." గొంతు పెద్దది చేయలేదు. "ఇంకెక్కడైనా అని ఉంటే నమ్మేవాణ్ణి కాదు. అక్కడన్నారు కాబట్టే నమ్మాను. వేస్తుంటే చూసినాయన అబద్ధమెందుకు రాస్తాడులే అనుకున్నాను."

మా వైపు మనుషులకు "పర్లేదండి" అన్న మాట నాలుక చివర ఉంటుంది. కాలు తొక్కినా పర్లేదండి, గిన్నె పగలగొట్టినా పర్లేదండి. ఆ మాట కోసమే నేను గోదావరి దాటి వచ్చానని అప్పుడు అర్థమైంది. ఆయన అది అనలేదు. అందుకు నేను ఆయనకు ఈనాటికీ రుణపడి ఉన్నాను. ఆ మాట అనేసి ఉంటే నేను తేలిక పడి తిరిగి పంటెక్కి, ఫైలును అలాగే ఉంచేసేవాణ్ణి. నా సంగతి నాకు తెలుసు.

"నా దగ్గర చెబితే ఏం లాభమండి? రాసిన చోట రాయండి," అన్నారు. అంతే అన్నారు. ఆయన భార్య మాత్రం, "ఎండన పడి వచ్చారు," అని మజ్జిగ తెచ్చిచ్చారు. తాగి వచ్చేశాను.

సోమవారం పొద్దున్న, పాత నోట్ కిందే కొత్త నోట్ రాశాను. గొడుగులో ఏ లోపమూ లేదని, ఉత్తర్వు లేకుండా నేనే భయపడి తీయించానని, పైన రాసింది అబద్ధమని. పక్క ఊరికి వెళ్లాల్సిన సవరణ ఉత్తరం కూడా జతపరిచి కమిషనర్ గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇది రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదయ్యా?"

"తెలిసేది కాదండి."

మెమో ఇచ్చారు. సర్వీసు రిజిస్టరులో మందలింపు ఎక్కింది. ప్రమోషన్ తర్వాత ఎప్పటికో వచ్చింది. నాకు దక్కాల్సిందే దక్కింది. సవరణ ఉత్తరం మీద మాత్రం అదే రోజు సంతకం చేసి, "దీన్ని మీరే పట్టుకెళ్లి ఇచ్చి రండి," అన్నారు. పట్టుకెళ్లాను. అక్కడి ఇంజనీరు గారు చదివి తలెత్తి, "ఈ రాసింది ఎవరండీ?" అంటే, "నేనేనండి," అన్నాను. ఆ ఊరి పని తిరిగి మేస్త్రి గారికే వచ్చింది.

టీచర్ గారింటికి కూడా వెళ్లి చెప్పాను. ఆవిడ అరుగు మీద బియ్యంలో రాళ్లేరుతున్నారు. విని, "నాకా రోజే తెలుసురా," అన్నారు.

"మరి ఏమీ అనలేదేంటండీ?"

"నేనంటే నువ్వు నాకు సంజాయిషీ చెప్పి ఊరుకుంటావు. ఆయన దగ్గరికి వెళ్లవు." చేట పక్కన పెట్టి, "కాఫీ తాగుతావా?" అన్నారు.

పక్క ఊరి పని మధ్యలో, ఒక ఆదివారం మేస్త్రి గారు చెప్పకుండా మా పార్కుకు వచ్చారు. కబురందుకుని నేను పరుగున వెళ్లాను. చేయెత్తి నిలబడ్డ కప్ప చుట్టూ ఆయన రెండుసార్లు తిరిగారు.

"నలభై ఏళ్లుగా చేతులెత్తిన నాయకుల్ని చేసి చేసి విసిగి, ఒక్క పెళ్లికొడుకుని చేసుకున్నానండి. మీరు దాన్ని కూడా నాయకుణ్ణి చేసేశారు," అన్నారు.

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన మొహం చూస్తే నవ్వు లేదు. సంచీలోంచి సుత్తి తీసి, కప్ప ముంజేతిని మోచేతి దాకా తనే విప్పడం మొదలుపెట్టారు. లోపలి నాలుగు చువ్వలూ బయటపడ్డాక, "చూడండి," అన్నారు. తుప్పు లేదు, వంకర లేదు. నేను వంగి ఒక్కొక్కటే చూశాను. అది చూపించడానికే ఆయన అంత దూరం వచ్చారనిపించింది.

సామాను నేను తెచ్చాను. ఆయన కొత్త ఊచలు వంచి, వల చుట్టి గొడుగు చట్రం కట్టారు. వెల్డింగు అయ్యాక, చేతి మీది సిమెంటు పట్టేదాకా ఆ చట్రం కదలకుండా ఎవరో పట్టుకోవాలి. వెదురు ఊతాలు పెట్టొచ్చు. ఆయన ఊతాలు పెట్టలేదు. "మీరు పట్టుకోండి," అన్నారు.

ముక్కాలి పీట మీద నిలబడి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. కింద ఆయన అరచేత్తో పాముతూ పోతున్నారు. అరగంటయ్యేసరికి భుజాలు లాగేశాయి. గంటయ్యేసరికి చేతులు వణికాయి. పార్కులో పిల్లలంతా చుట్టూ చేరారు.

"కొంచెం దించుతానండీ, మేస్త్రి గారూ," అన్నాను.

"కదలకండి. అది ఎనిమిది నెలల నుంచి ఉత్తి చేయి ఎత్తుకునే నిలబడిందండి," అన్నారు.

అప్పుడు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, చేతులు ఊగాయి. "నవ్వొద్దండీ, వంకర పోతుంది," అని ఆయన కసురుకున్నారు. పనిలో తోటివాణ్ణి కసురుకున్నట్టే కసురుకున్నారు.

ఆ రాత్రి అన్నం కలుపుకోవడానికి నా చెయ్యి లేవలేదు. నా భార్య, "ఏమైందండీ చేతికి?" అంది. అప్పటిదాకా ఆవిడకు కూడా బీట వచ్చిందనే చెప్పాను. కంచం ముందు కూర్చుని మొదటినుంచీ చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, లేచి వచ్చి, అన్నంలో పప్పు తనే కలిపి పెట్టింది.